ఆ బరువు ఎవరి ఫోన్ మోయాలి?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు చివరి రోజు. ఒక విద్యార్థిని తన పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫారం తెరిచింది అనుకుందాం. తెరంతా తెల్లగా ఖాళీ, మధ్యలో గిరగిరా తిరిగే చక్రం. కాసేపటికి ఫారం కనిపించింది, కానీ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. సిగ్నల్ బాగాలేదేమో అనుకుంటుంది ఆమె. అసలు కారణం మాత్రం నెలల క్రితం, ఆ వెబ్‌సైట్ పని మొదలైన తొలి రోజుల్లో జరిగిన ఒక ఎంపిక కావచ్చు.

వెబ్ అప్లికేషన్‌లో అడుగున సమాచారాన్ని దాచే డేటాబేస్ ఉంటుంది. దానిపైన లెక్కలూ నిబంధనలూ చూసే భాగం. ఈ రెండూ ఎక్కడో సర్వర్‌లో నడుస్తాయి. మన కంటికి కనిపించే పై పొర, అంటే ప్రెజెంటేషన్ లేయర్, చాలావరకు మన ఫోన్‌లోనే నడుస్తుంది. ఈ పొరను ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోకుండా ముందే సిద్ధం చేసిన కోడ్‌ను వాడుకుంటారు. 2006లో వచ్చిన జేక్వెరీ, 2010 నాటి ఆంగ్యులర్‌జేఎస్, 2013లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్, ఆ తర్వాతి వ్యూ, స్వెల్ట్ అన్నీ ఇలాంటి టూల్‌కిట్‌లే.

వీటి పనితీరులో తేడా ఉంది. సమాచారం మారినప్పుడు తెర ఎలా ఉండాలో చెబితే చాలు, పాత రూపంతో కొత్త రూపాన్ని పోల్చి మారిన చోటునే దిద్దడం రియాక్ట్ పద్ధతి. ఆ పోలిక ఫోన్‌లోనే జరుగుతుంది. స్వెల్ట్ ఈ శ్రమలో చాలా భాగాన్ని ముందుగానే, కోడ్ తయారీ దశలోనే పూర్తిచేసి పంపుతుంది.

కుదించిన రియాక్ట్ బరువు కొన్ని పదుల కిలోబైట్లే. ఒక చిన్న ఫొటో అంత, దీనికింత రాద్ధాంతమా అనిపించవచ్చు. కానీ ఫొటో కిలోబైటూ జావాస్క్రిప్ట్ కిలోబైటూ ఒకటి కావు. ఫొటోను విప్పి చూపిస్తే పని అయిపోయినట్టే. జావాస్క్రిప్ట్‌ను విప్పాలి, చదివి అర్థం చేసుకోవాలి, యంత్ర భాషలోకి మార్చాలి, ఆపైన నడపాలి. మన వేలి తాకిడికి స్పందించాల్సింది కూడా ఆ పని చేస్తున్న వరుసే. తెర సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కో మార్పుకు దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. కోడ్ అరసెకను పాటు వరుసను ఆక్రమిస్తే, మన తాకిడి అంతసేపూ క్యూలో నిలబడాల్సిందే. స్పందన 200 మిల్లీసెకన్లలోపు ఉంటేనే బాగున్నట్టు అంటుంది గూగుల్ కొలమానం. నిజానికి టూల్‌కిట్ ఒక్కటే దోషి కాదు. దాని వెంట తేదీల పట్టిక ఒకటి, గ్రాఫుల భాగం ఒకటి, ఇంకేవో పది చేరతాయి. పెళ్లికి పిలిస్తే ఊరంతా వచ్చినట్టు!

కోడ్ అసలు నడవకపోతే? బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ బృందం 2013లో ఈ లెక్క తీసింది. సందర్శకుల్లో 1.1 శాతం మందికి, అంటే దాదాపు 93 మందిలో ఒకరికి, జావాస్క్రిప్ట్ అందడం లేదు. అందులో దాన్ని ఆపుకున్నవారు, అది లేని బ్రౌజర్ వాడేవారు 0.2 శాతమే. మిగతా 0.9 శాతం మంది బ్రౌజర్లు కోడ్‌ను నడపగలవు, అయినా నడవలేదు. మధ్యలో తెగిన నెట్‌వర్క్, ఆఫీసు ఫైర్‌వాల్ లాంటివి ఇందుకు కారణం కావచ్చు. ఆ అంకెను యథాతథంగా మన దేశానికి తేలేం. కానీ లక్ష దరఖాస్తుల్లో ఒక శాతమంటే వెయ్యి మంది విద్యార్థులు. అక్కడివారు ఎంచుకున్న మార్గం సరళమైనది. ముందు కేవలం హెచ్‌టీఎంఎల్‌తో ఫారం పనిచేయాలి, హంగులు ఆ తర్వాత. 2022లో అదే వెబ్‌సైట్ జేక్వెరీని కూడా వదిలేసి, చాలా పేజీల్లో సుమారు 32 కిలోబైట్లు దించుకుంది.

తెలుగు పేజీలకు ఇంకో చిక్కుంది. అక్షరాలను ఒక్కొక్కటిగా తెరమీదికి రప్పించే యానిమేషన్ భాగాలు ఇంగ్లిష్‌కు ముచ్చటగానే ఉంటాయి. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం, జావాస్క్రిప్ట్ లెక్కలో ఆరు. దాన్ని ఆరు ముక్కలు చేస్తే ఒత్తులూ గుడీ చెల్లాచెదురు. అంధులు వాడే స్క్రీన్ రీడర్లదీ ఇలాంటి కష్టమే. హెచ్‌టీఎంఎల్‌లోని అసలు బటన్‌ను అవి ‘బటన్’ అనే చదువుతాయి. బటన్‌లా రంగు పూసిన ఉత్త డబ్బాను మాత్రం, అదనపు వివరాలు రాయకపోతే, గుర్తించలేవు. టూల్‌కిట్‌ను ఎంచుకునేటప్పుడు దాని నమూనా పేజీ అందం కన్నా ముందు చూడాల్సింది ఇదే.

ఆయుష్షు సంగతీ ఉంది. ఆంగ్యులర్ రెండో తరం 2016లో వచ్చినప్పుడు పాత కోడ్‌తో పొసగలేదు. పాతదానికి మద్దతు 2021 చివరితో ఆగిపోయింది. పదేళ్లు నడవాల్సిన ప్రభుత్వ సేవకు ఇది చిన్న విషయం కాదు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన తొలి వెబ్ పేజీలు మాత్రం నేటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి.

అలాగని పెద్ద టూల్‌కిట్‌లు అనవసరమనలేం. పటాలు, స్ప్రెడ్‌షీట్లు, నలుగురు ఒకేసారి దిద్దే పత్రాలు వంటివి అవి లేకుండా కట్టడం నరకమే. పరీక్షా ఫలితాల పేజీకి అవే వాడితే మాత్రం ఈగను కొట్టడానికి రోకలి ఎత్తినట్టు.

క్రోమ్ బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో ప్రాసెసర్ వేగాన్ని నాలుగో వంతుకు, ఆరో వంతుకు తగ్గించే సౌకర్యం ఉంది. నెట్‌వర్క్‌నూ అలాగే నెమ్మదింపజేయవచ్చు. తాము కట్టిన ఫారాన్ని అలా ఒకసారి నింపి చూడటానికి ఏ బృందానికైనా ఐదు నిమిషాలు చాలు, ఫారం తెరుచుకుంటే.