సంచి ఆఖర్న కొనాలి

పెరటాసి నెల వచ్చిందంటే మా తిరుత్తణి రోడ్డు తెల్లవార్లూ గోవింద నామాలతో మోగుతుంది. చెన్నై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి దాదాపు 135 కిలోమీటర్లు. పసుపు బట్టలు కట్టుకుని గుంపులుగా నడిచిపోయేవాళ్ల భుజాలను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక గుడ్డసంచి. అందులో మారుబట్టలు, దుప్పటి, తువ్వాలు, నీళ్ల సీసా, టార్చిలైటు. దారి పొడుగునా అన్నం పెట్టేవాళ్లు, మజ్జిగ పోసేవాళ్లు ఉంటారు కాబట్టి వంటసామాను అక్కర్లేదు. పడుకోవడానికి ఏ కల్యాణ మండపమో, గుడి అరుగో దొరుకుతుంది కాబట్టి గుడారం అక్కర్లేదు. ఏటేటా అదే దారిన నడిచి నడిచి, సంచిలో ఏముండాలో తేల్చుకున్నారు వాళ్లు.

చెన్నైలో ఒక పెద్ద అంగట్లో నిలబడ్డప్పుడు నాకు ఆ భుజాలే గుర్తొచ్చాయి.

మా అక్క కొడుకు స్నేహితులతో గుడియం గుహలకు పోతానన్నాడు. "మామా, బ్యాగు కొనాలి, తోడుగా రా" అని పిలుచుకుపోయాడు. గుడియం మా తిరువళ్లూరు జిల్లాలోనే, పూండి జలాశయం దగ్గరి అడవిలో ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన 'ట్రెక్ తమిళనాడు' పథకంలోని 40 దారుల్లో అదొకటి. ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకుంటే దారి చూపే మనిషి వెంట వస్తాడు. పొద్దున పోయి అదే రోజు తిరిగొచ్చే నడక.

అంగట్లో కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, "బడ్జెట్ ఎంత సార్?" ఎక్కడికి పోతున్నారు, ఎన్ని రోజులు, రాత్రి ఎక్కడ పడుకుంటారు అన్న మాటే లేదు. మావాడు ఒక అంకె చెప్పాడు. ఇంక ఆ అంకె నిండేదాకా సామాను వస్తూనే ఉంది. 65 లీటర్ల బ్యాగు, సున్నాకు దిగువన అయిదు డిగ్రీల చలికి ఆగే పడుకునే సంచి, చేతికర్రల జత, చీలమండ దాకా వచ్చే బూట్లు. తిరువళ్లూరు జిల్లాలో మంచు ఎప్పుడు పడిందని?

వద్దని చెప్పడం ఎందుకు కష్టమైందో ఆ రాత్రంతా ఆలోచించాను. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆ కుర్రాడూ తెలుగులోకి మారాడు. మా తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒక భాషగా బతికే మాకు, అంగట్లో మన భాష వినబడితే మనసు మెత్తబడుతుంది. మనవాడే కదా చెబుతున్నాడు అనిపిస్తుంది. ఆ పిల్లవాడి తప్పూ కాదది. నెల తిరిగేసరికి అతనూ ఇంత అమ్మాలని పైవాళ్లు లెక్క కట్టి ఉంటారు. అతనితో మర్యాదగానే ఉండాలి. బడ్జెట్ మాత్రం చెప్పకూడదు, దారి చెప్పాలి. "గుడియం. ఒక్క పగలు. రాత్రి బస లేదు. దీనికి ఏం కావాలి?" అని అడిగితే బల్ల మీది సామానులో సగం వెనక్కి పోతుంది.

అన్నిటికంటే గట్టి ఎర భయం. "అడవిలో వాన పడితే? కాలు మడత పడితే?" ఈ భయం ఉత్తది కాదు. అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసుండాలి. నా మటుకు ముందు పాదాలకు పెడతాను. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి బూట్లు సాయంత్రం పూట కొనాలి. నడకకు వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడాలి. మెట్లు దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగిలిందంటే ఆ జత వద్దు. కొన్నాక రెండు వారాలు ఊళ్లో తిరిగి అలవాటు చేసుకోవాలి. కొత్త బూట్లతో నేరుగా అడవికి పోతే మడమల మీద బొబ్బలు తప్పవు.

బ్యాగు మాత్రం అన్నిటికంటే ఆఖర్న కొనాలి. చాలామంది ముందు బ్యాగు కొంటారు, తర్వాత దాన్ని నింపడానికి సామాను కొంటారు. సామాను ఇంట్లో కుప్పగా పోసి చూస్తే ఎన్ని లీటర్లు కావాలో దానంతటదే తెలుస్తుంది. పగటి నడకకు 20, 25 లీటర్లు చాలు. రెండు మూడు రోజులకు 40, 50. పొడవైన మనిషికి పెద్ద బ్యాగు అన్న లెక్క తప్పు. తల వంచితే మెడ దగ్గర తేలే ఎముక నుంచి నడుము ఎముకల పైఅంచు దాకా వీపు కొలవాలి. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలత వేరుగా ఉండొచ్చు. నడుం పట్టీ ఆ ఎముకల మీద కూర్చుంటే బరువు భుజాల నుంచి కాళ్లకు దిగుతుంది. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది. అందుకే మన సామానే తీసుకుపోయి అందులో నింపి, పావుగంట అంగట్లోనే నడవాలి. ఎవరేమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. మొత్తం బరువు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు.

1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అవ్వ అప్పలాచియన్ కొండదారి 3,200 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచింది. 11 మంది బిడ్డల తల్లి. భుజాన తాను కుట్టుకున్న గుడ్డసంచి, కాళ్లకు మామూలు కాన్వాసు బూట్లు, వానకు స్నానాల గది తెర. ఆమెలా అందరూ పోవాలని నేననను. ఆమెకు తన ఒళ్లు తెలుసు.

'ఇదే ఆఖరి పీసు, ఆఫర్ ఈ రోజే' అన్న అంగడి మాట ఇప్పుడు ఫోన్లో కొనేటప్పుడూ ఎదురవుతోంది. కేంద్రం 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి 13 ఆన్‌లైన్ మాయలను నిషేధించాయి. లేని తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వాటిలోవే. బిల్లు ఇవ్వకపోవడం, బిల్లులో గడువేదీ రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. ఫిర్యాదు చేయడానికి 1915కి ఫోన్ చేయవచ్చు.

మళ్లీ గుడియం మాటకొస్తే, దాని దగ్గరే అత్తిరంపాక్కం అనే ఊరు ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1863లో అక్కడ రాతిగొడ్డళ్లు గుర్తించాడు. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేల్చారు. కొట్టడానికి, కోయడానికి, గీకడానికి అరచేతిలో పట్టే ఒక్క రాయి.

ఆ రోజు మేం బూట్లు, టార్చి మాత్రమే కొన్నాం. మావాడు పాత కాలేజీ బ్యాగులో మూడు లీటర్ల నీళ్లు, పులిహోర, వేరుశనగ ఉండలు, వాన చొక్కా, బ్యాండేజీ గుడ్డ పెట్టుకుని పోయాడు. తిరిగొచ్చి సంచి విప్పి, వాడినవి ఒకపక్క, వాడనివి ఒకపక్క పెట్టాడు. వాన చొక్కా మడత విప్పలేదు. ముఖం మాత్రం ఎండకు నల్లగా కమిలిపోయింది.

"టోపీ మరిచినా మామా," అన్నాడు. అన్ని వస్తువులు చూపించిన అంగట్లో టోపీ మాట ఎవరూ ఎత్తలేదు.