పరీక్ష ముంగిట ప్రశ్నల కాఠిన్యమును మార్చవలెనా?

సంక్రాంతి పండుగ దాటినది మొదలు మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో పదవ తరగతి పరీక్షల ప్రసంగమే వినవచ్చుచుండును. పంచాయతి సభ్యుడు రచ్చబండ యొద్ద కనబడినచో తల్లిదండ్రులు రెండు విధములుగా విన్నవించుకొందురు. "ముందు పెట్టే పరీక్షలైనా కొంచెం సులభంగా పెట్టమని అయ్యవారికి చెప్పన్నా, పిల్లోళ్లకు ధైర్యం వస్తుంది" అని కొందరు అందురు. "కష్టమైన ప్రశ్నలే ఇమ్మని చెప్పన్నా, అప్పుడే పుస్తకం పడతారు" అని మరికొందరు అందురు. ఇరువురును బిడ్డల మేలు కోరినవారే. అయినను దేనికి తలయూపవలెనో సభ్యులు ముందుగా యోచించుకొనుట అవసరము. అందులకు తోడ్పడు విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

ప్రశ్నపత్రములోని మెట్లు

తుది పరీక్ష ప్రశ్నపత్రమును రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల శాఖ సిద్ధపరచును. దానిని మార్చు అధికారము పాఠశాలకు గాని, పంచాయతికి గాని లేదు. పాఠశాల చేతిలో నున్నవి వారపు పరీక్షలు, స్లిప్ టెస్టులు, సాయంకాలపు అభ్యాసము మాత్రమే. కావున మన ప్రశ్న వీనికి సంబంధించినదే.

ఇటీవలి సంవత్సరములలో గణితము, సాంఘిక శాస్త్రము వంటి పత్రములలో 100 మార్కులకు 33 ప్రశ్నలు ఇచ్చుచున్నారు. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఉత్తీర్ణతకు 35 మార్కులు కావలెను. లెక్క వేసి చూడుడు. మొదటి రెండు భాగములకు 28 మార్కులు గలవు. వానికి తోడు ఒక్క ఎనిమిది మార్కుల ప్రశ్నకు సరియైన సమాధానము వ్రాసిన బాలుడు 36 మార్కులతో గట్టెక్కును. అనగా ఒకే పత్రములో సులభమైన మెట్లును, కఠినమైన మెట్లును గలవు. "సులభమా, కష్టమా" అని అడుగుటకంటె "మన బిడ్డ ఏ మెట్టుపై ఆగిపోయినాడు?" అని అడుగుట మేలు.

గడచిన అనుభవము

కొలమానము మారినప్పుడు పిల్లలు ఎట్లు తడబడుదురో మన రాష్ట్రము చూచినది. 2019 లో పదవ తరగతి ఉత్తీర్ణత నూటికి 94.88. అప్పుడు 11 పత్రములుండెను. పాఠశాలలోనే వేయు అంతర్గత మార్కులు నూటికి 20 చొప్పున కలిసెడివి. ఆ సంవత్సరమే అంతర్గత మార్కులను తొలగించిరి. తరువాత కరోనా వ్యాధి కారణముగా 2020, 2021 సంవత్సరములలో పరీక్షలే జరుగలేదు. 2022 లో 7 పత్రములతో, అంతర్గత మార్కుల ఆసరా లేక, రెండేండ్లు బడి సరిగా నడువని పిల్లలు పరీక్షకు కూర్చుండిరి. ఉత్తీర్ణత 67.26 కు దిగినది. రెండు లక్షలకు పైగా బాలబాలికలు తప్పిరి. పత్రములు ఆరైన 2023 లో 72.26, 2024 లో 86.69 నమోదైనవి. ఆంగ్ల మాధ్యమ విద్యార్థులు తొలిసారిగా ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యాంశములతో వ్రాసిన 2025 లో 81.14.

మూడేండ్లలో పిల్లల తెలివి తగ్గిపోలేదు. చదువు కుంటుపడినది, కొలత మారినది. రెండును ఒక్కసారిగా వారిపై బడినవి.

మన పొరుగున నున్న కర్ణాటకలో మరియొక అనుభవము కలిగినది. 2024 లో అచ్చట పరీక్షా కేంద్రములపై కెమెరాల ద్వారా నిఘా పెట్టగా ఉత్తీర్ణత మిక్కిలి తగ్గినది. అప్పుడు అదనపు మార్కుల పరిమితిని నూటికి 10 నుండి 20 కి పెంచి, వానికి అర్హతను 35 నుండి 25 కి తగ్గించిరి. అయినను ఉత్తీర్ణత 73.40 మాత్రమే, అంతకుముందటి ఏడు అది 83.89. మరుసటి ఏటికే ఆ సడలింపును విరమించుకొనిరి. చివరి ఘడియలో గీత దించినచో ధ్రువపత్రము చేతికి రావచ్చును గాని, రాని లెక్క రాదు.

మన చెంతనే నున్న మార్గము

మదనపల్లె చేరువనున్న రిషీవ్యాలీ వారు చుట్టుపట్ల పల్లెలలో నడపు చిన్న బడులలో చదువును ఒక నిచ్చెనగా అమర్చిరి. పాఠములు చిన్న చిన్న కార్డులుగా నుండును. నేర్చుకొనుట, అభ్యసించుట, సరిచూచుకొనుట, తప్పినచో మరల దిద్దుకొనుట అను క్రమములో బిడ్డ తన వేగముతో ఎక్కును. తమిళనాడులోని ప్రాథమిక పాఠశాలలు కూడ ఈ పద్ధతి నుండి నేర్చుకొన్నవి. ఇది చిన్న తరగతుల పద్ధతియే. అయినను దీని సూత్రము పదవ తరగతికి సైతము వర్తించును: కాఠిన్యము క్రమముగా పెరుగవలెను, ఒక్కసారిగా మారరాదు.

టమోటా నారు పోయు రైతునకు ఈ సంగతి తెలియును. నాటుటకు కొన్ని దినములు ముందు నారుకు నీరు తగ్గించి గట్టిపరచును. మొలక నాడే నీరు మాన్పినచో నారు మాడిపోవును. చివరివరకు నీడలోనే పెంచినచో పొలములో తల వాల్చును.

సభ్యులు చేయదగినవి

మొదటిది: సంవత్సరారంభమున సులభమైన ప్రశ్నలతో మొదలిడి, నెలనెలకు కాఠిన్యము పెంచుడని ప్రధానోపాధ్యాయుని కోరుడు. ఫిబ్రవరి, మార్చి నెలల సన్నాహక పరీక్షలు తుది పరీక్షకు సరిసమానముగా నుండవలెను. అవి సులభమైనచో బిడ్డ మోసపోవును. కఠినమైనచో నిరాశపడి బడి మానును.

రెండవది: సన్నాహక పరీక్షల మార్కులను ఊరిలో చాటింపకుడు. ఏ భాగములో ఎందరు తప్పిరో మాత్రము పాఠశాల కమిటీలో చర్చించుడు. చిన్న ప్రశ్నలలోనే తప్పినవారికి ముందుగా వానినే నేర్పించుడు.

మూడవది: కుప్పము సరిహద్దు పల్లెలలో ఇంట తమిళమో, కన్నడమో మాటలాడి, బడిలో తెలుగునో, ఆంగ్లమునో వ్రాయు బిడ్డలు గలరు. వారికి లెక్కకంటె లెక్క చెప్పిన భాషయే కష్టము కావచ్చును. ప్రశ్నను చదివి సొంత మాటలలో చెప్పు అభ్యాసము వారికి అవసరము.

నాలుగవది: సాయంకాలపు చదువునకు దీపము, త్రాగునీరు, బాలికలు ఇల్లు చేరుటకు తోడు ఏర్పరచుట పంచాయతికి సాధ్యమైన పనియే.

చివరిగా ఒక మాట. పరీక్ష నాడు చూచివ్రాతకు సాయము కోరి ఎవరు వచ్చినను అంగీకరింపకుడు. తప్పిన బిడ్డకు సప్లిమెంటరీ పరీక్ష గలదని, ఒక పత్రముతో బ్రతుకు ముగియదని ఫలితములు రాకముందే ఇంటింట చెప్పుడు. కొలత మార్చుట మన చేతిలో లేదు. ఆ కొలతకు తూగునట్లు బిడ్డను మెట్టు మెట్టుగా నడిపించుట మాత్రము మన చేతిలోనే గలదు.