ఈ ఇనుపముక్క ఏమిటి?

పొడుపుకథ విప్పలేనివారు ఓటమి ఒప్పుకొని నవ్వుదురు, అంతటితో సరి. పాత యుద్ధసామగ్రిని సేకరించువారిలో వాడుకలోనున్న పొడుపుకథ మాత్రము అంత నిరపాయమైనది కాదు. ఒకరు తుప్పుపట్టిన లోహపుముక్కను చూపి "ఇది ఏమిటి?" అని అడుగుదురు. తక్కినవారు దాని పేరు, దేశము, కాలము చెప్పవలెను.

ఇది గ్రుడ్డి ఊహ కాదు. ఆధారములు వస్తువునందే యుండును. 1914-18 నాటి యుద్ధము సాగిన బెల్జియము పొలములలో నేటికిని ఒక ఇత్తడి శంకువు దొరకుచుండును. దాని చుట్టును ఒక వలయము, వలయముపై 22 వరకు అంకెలు. ఏదో గడియారపు భాగమని పలువురు భ్రమపడుదురు. నిజమునకది ఫిరంగిగుండు ముక్కునకు బిగించు బ్రిటిషు ఫ్యూజు, 80వ నంబరుది. వలయమును త్రిప్పి ఒక అంకెకు అమర్చినచో లోపలి మందు అంతమేర కాలి, గుండు నిర్ణీత క్షణమున గాలిలోనే పగులును.

గుండు నడుము క్రింద రాగిపట్టీ యుండును. ఫిరంగి గొట్టములోని మెలికల చాళ్ళలో ఆ మెత్తని రాగి ఒత్తుకొని గుండును గిరగిర త్రిప్పును. కావున పట్టీపై ఏటవాలు గాట్లున్నచో ఆ గుండు ఫిరంగి నుండి వెడలినదని తెలియును.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చటనే యున్నది. గాట్లుండియు, గుండు ముక్కుతో సహా చెక్కుచెదరక యున్నదనుకొందము. సేకరించువారికి అది అపురూపము. తెలిసినవారికి అది హెచ్చరిక. అది వచ్చి పడియు పేలక నిలిచిన గుండు కావచ్చును. నూరేండ్లు గడచినను లోపలి మందు చావదు. 2014 మార్చిలో బెల్జియములోని ఈప్ర్ నగరమున అట్టి పాతగుండు పేలి నిర్మాణపు పనివారు ఇద్దరు మరణించిరి. ఆ ప్రాంతపు రైతులు నాగలికి తగిలిన గుండ్ల సంగతి కబురుచేయుదురు. సైనికులు వచ్చి కొనిపోవుదురు.

ఈ మాట మనకును వర్తించును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినవి. పునాది త్రవ్వునపుడో, ఇసుక తీయునపుడో అట్టి వస్తువు కనబడినచో ముట్టరాదు, కదపరాదు, తుప్పు గీకి అక్షరములు చదువ యత్నింపరాదు. పిల్లలను దూరముగా పంపి పోలీసులకు తెలుపవలెను. నిపుణులు దానిని నిరపాయమొనర్చిన పిమ్మట, పేరు కనుగొనుటకు కావలసినంత తీరిక యుండును.