చేతులు రెండు, గుండె ఒక్కటి

“కుడిచేతి నాడి నిమిషమునకు 72, ఎడమచేతి నాడి 84 కొట్టుకొనుచున్నది. ఇది హృద్రోగమా?” అని అడుగువారు మా నెల్లూరు తీరమున ఎక్కువైనారు. ఇంటింటికి రక్తపుపోటు యంత్రము వచ్చినది. ఒక చేతికి కట్టి చూచి, తృప్తి తీరక రెండవ చేతికిని కట్టి, అంకెలను పోల్చుకొని నిద్ర చెడగొట్టుకొనుచున్నారు.

గుండె ముడుచుకొన్నప్పుడు పుట్టిన అల రెండు చేతులకును ఒక్కటే. కావున ఒకే సమయమున లెక్కించినచో రెండు మణికట్టులయందును సంఖ్య సాధారణముగా సమానమే. తేడా కనబడినచో, చేయి మార్చులోపల వేగము మారియుండవచ్చును, లెక్క తప్పియుండవచ్చును, లేక నాడియే క్రమము తప్పి నడచుచుండవచ్చును. కామక్రోధములచే నాడి వేగవంతమగుననియు, చింతాభయములచే క్షీణించుననియు శార్ఙ్గధరుడు ఏనాడో చెప్పినాడు. అంకె చూచి భయపడినవారి రెండవ అంకె మారుటలో వింత లేదు.

చింతింపదగినది క్రమము తప్పుటయే. ఆగి ఆగి నడచు నాడిని మన శాస్త్రము ప్రమాదసూచకముగా ఎంచినది. అయితే నిద్ర చాలనప్పుడు, కాఫీ మితిమీరినప్పుడు ఒకటి రెండు దెబ్బలు తప్పినట్లుండుట ఆరోగ్యవంతులలోను కలదు. పిల్లలలో, యువకులలో శ్వాస పీల్చునప్పుడు వేగము పెరిగి, విడుచునప్పుడు తగ్గుట సహజము. అట్లుగాక, ఏ దెబ్బకు ఆ దెబ్బ వేరుగా, ఏ లయకును లొంగక నడచు నాడి పెద్ద వయసువారిలో కనబడినచో ఆలస్యము చేయక ఇ.సి.జి. తీయింపవలెను. గుండె పై గదులు ముడుచుకొనక అదరుచున్నప్పుడు అందు రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు పోయి పక్షవాతము కలిగింపవచ్చును. దీనిని కషాయములతో కాలక్షేపము చేయరాదు.

ఇక బలములో తేడా వేరు సంగతి. పురుషులకు కుడిచేయి, స్త్రీలకు ఎడమచేయి చూడవలెనని గురుకులమున మాకు నేర్పిరి. దోషవిచారమునకు అది సంప్రదాయము. రక్తప్రసారము తెలియవలెనన్న రెండు చేతులును చూడకతప్పదు. పొగ త్రాగువారిలో, మధుమేహులలో చేతికి పోవు ధమని ఇరుకగుట కుడివైపుకంటె ఎడమవైపే ఎక్కువ. పురుషునికి కుడిచేయి మాత్రమే చూచిన వైద్యునకు అది అందదు. యువతులలో ధమనుల గోడలు వాచి నాడి మాయమగు జబ్బు ఒకటి కలదు. జపాను నేత్రవైద్యుడు తకయాసు 1908లో వర్ణించుటచే ఆయన పేరనే పిలుచుచున్నారు. పని చేయునప్పుడు ఒక చేయి మాత్రము త్వరగా అలసి నొప్పిపెట్టుట, ఆ చేతి నాడి అందకుండుట దాని లక్షణములు.

నాడి బలహీనమైనంతమాత్రమున రోగమనుకొనరాదు. కొందరికి పుట్టుకతోనే ఆ ధమని మణికట్టు వెనుకకు తిరిగియుండును. మణికట్టుగుండా ఆంజియోగ్రాము చేయించుకొన్నవారిలో కొందరికి ఆ చేతి నాడి తరువాత దొరకదు. రెండవ ధమని చేతిని పోషించుచుండుటచే వారికి సాధారణముగా బాధ ఉండదు.

అయితే హఠాత్తుగా ఛాతిలోగాని, వీపులోగాని చీల్చినట్లు నొప్పి వచ్చి, ఒక చేతి నాడి సన్నగిల్లినచో అది మహాధమని గోడ చీలిన సూచన కావచ్చును. ఆ క్షణమే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. శొంఠి, వాము అని ఇంటిలో కూర్చుండరాదు.

రోహిణీకార్తెలో ఉప్పుమళ్ళయందు, రొయ్యలచెరువులవద్ద పనిచేయువారికి చెమటతో నీరు, లవణములు పోయి నాడి సన్నమై వేగవంతమగును. నీడ, ఉప్పు వేసిన మజ్జిగ, గూడూరు నిమ్మరసము వారికి హితము. గుండెజబ్బు, మూత్రపిండవ్యాధి ఉన్నవారు ఉప్పును, కొబ్బరినీటిని వైద్యుని అడిగియే పుచ్చుకొనవలెను. వత్సనాభి చేరిన మాత్రలను ఎవరో చెప్పిరని మింగుట మహాదోషము. శుద్ధి చాలక, మోతాదు మించినచో ఆ మూలిక నాడీక్రమమునే చెరచును. తెల్లమద్ది చెక్క మంచిదే. కాని దానిని నమ్ముకొని రక్తము పలుచనగుటకు ఇచ్చిన మందును మానరాదు.

పరీక్షకు ముందు ఐదు నిమిషములు కదలక కూర్చుండి, నాడిని పూర్తి నిమిషము లెక్కింపుడు. విశ్రాంతిలో పెద్దలకు 60 మొదలు 100 వరకు సహజము. రక్తపుపోటులో చేతికి చేతికి 10 వరకు తేడా వచ్చినను కంగారు వలదు. పలుమార్లు చూచినను 15 దాటుచున్నచో వైద్యునకు చూపవలెను. ఇకపై ఎక్కువ అంకె వచ్చిన చేతికే యంత్రము కట్టుచుండవలెను. రక్తశుద్ధి కొరకు నాళము కలిపిన చేతికి మాత్రము ఎన్నడును కట్టరాదు.