ఐర్లండులో వ్యావహారిక భాషావాదం

వ్యావహారిక భాషోద్యమం అనగానే గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. ఆయన్ని గట్టిగా ఎదిరించిన జయంతి రామయ్య పంతులు కోనసీమ మనిషి. జొన్నాడ దగ్గర గౌతమి దాటి, నది వెంట దిగువకు పోతే వచ్చే ముక్తేశ్వరంలో పుట్టారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును నిలబెట్టిందీ ఆయనే. ఈ తగాదా మన ఇంటి తగాదా అనుకుంటాం. ఇంచుమించు అదే కాలంలో, దాదాపు అవే వాదాలతో, ఐర్లండులోనూ జరిగింది.

ఐరిష్ అంటే ఇంగ్లీషు యాస కాదు. కెల్టిక్ శాఖకు చెందిన వేరే భాష. 'నేను పుస్తకం కలిగి ఉన్నాను' అనడానికి అందులో క్రియ లేదు. మనలాగే 'నా దగ్గర పుస్తకం ఉంది' అంటారు. వచ్చావా అని అడిగితే అవునూ కాదూ అని చెప్పడానికి మాటల్లేవు, వచ్చాను అనో రాలేదు అనో క్రియతోనే బదులివ్వాలి. మన గసడదవాదేశాన్ని గుర్తుచేసేట్టు పదాది హల్లు మారుతుంది: 'బాద్' అంటే పడవ, 'నా పడవ' అంటే 'మో వాద్'. ఇంతమాత్రాన రెండు భాషలకూ చుట్టరికం కలిపే ఉత్సాహవంతులు వద్దు. ఇవి కాకతాళీయాలే.

ఈ భాష తనంతట తాను చావలేదు. 1831లో వచ్చిన ప్రభుత్వ పాఠశాలల్లో చదువు ఇంగ్లీషులోనే. పిల్లవాడి మెడలో కర్ర వేలాడదీసి, ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టేవారు. తర్వాత గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఇందులో తల్లిదండ్రులూ చేతులు కలిపారన్నది మరీ బాధాకరం. (2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడాయి. మరీ దూరం పోనక్కరలేదు.) 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చింది. పదిలక్షల మంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కారు. ఆ కరువులోనే ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1841లో 82 లక్షలున్న జనాభా 1851కి 65 లక్షలకు దిగింది. ఎక్కువగా పోయింది పడమటి, దక్షిణ ప్రాంతాల కూలీలు, చిన్న కౌలుదార్లు. ఐరిష్ మాట్లాడేది వాళ్లే.

1893లో డగ్లస్ హైడ్ తదితరులు గేలిక్ లీగ్ స్థాపించారు. భాషను బతికించాలి, సరే. ఏ భాషను? పండితులు పదిహేడో శతాబ్దపు జెఫ్రీ కీటింగ్ వచనాన్ని చూపించారు. పల్లెల్లో మిగిలింది భ్రష్టరూపమనీ, ఊరికొక తీరనీ వాళ్ల అభ్యంతరం. మన గ్రాంథికవాదుల నోట మనం విన్నదే! కార్క్ ప్రాంతపు పూజారి పీటర్ ఓ లియరీ 'ప్రజల మాట' అన్నాడు. అని ఊరుకోకుండా 1894లో 'షేనా' అనే కథను పత్రికలో మొదలుపెట్టాడు. సైతానుతో ఒప్పందం చేసుకున్న చెప్పులు కుట్టేవాడి కథ; నిప్పు దగ్గర కూర్చుని ఒక పిల్ల తోటివాళ్లకు చెబుతుంది. వాదాన్ని గెలిపించింది ఈ కథే అని నా అభిప్రాయం. కీటింగ్ వచనంతో ఆ పిల్ల నోరు మెదపలేదు.

లీగ్ పత్రికకు సంపాదకుడిగా ఉన్న పాట్రిక్ పియర్స్ 1916 ఈస్టరు తిరుగుబాటుకు నాయకుడై, తుపాకిగుండ్లకు బలయ్యాడు. 1913లో డబ్లిన్‌కు చదువుకోను వెళ్లిన మన వి.వి. గిరి ఆ తిరుగుబాటు తర్వాతే ఐర్లండు విడిచి రావలసి వచ్చింది.

స్వతంత్రం వచ్చింది, బళ్లలో ఐరిష్ తప్పనిసరి అయింది. మూడు ప్రధాన మాండలికాల్లో దేనికీ పూర్తిగా చెందని ప్రామాణిక రూపాన్ని 1958లో ప్రకటించారు. మనం కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటను ప్రమాణం చేసి తెలంగాణా, కళింగాంధ్ర, రాయలసీమ పలుకుల్ని పాత్రల సంభాషణలకు పరిమితం చేశాం. ఏది తక్కువ అన్యాయమో తేల్చడం కష్టం.

అసలు ప్రశ్న వేసినవాడు మార్టిన్ ఓ కైన్. పడమటి తీరపు పేద కుటుంబంలో పుట్టాడు, వామపక్షవాది, 1940లలో కొన్నేళ్లు నిర్బంధ శిబిరంలో గడిపాడు. 1949లో వచ్చిన ఆయన నవల 'క్రే న కిల్లె'లో పాత్రలన్నీ శవాలే. గోతుల్లో పడుకుని ఊరి తగాదాలు కొనసాగిస్తుంటాయి. మొత్తం మాటలే, రచయిత గొంతు వినపడదు. వ్యావహారికం ఎంత దూరం పోగలదో తెలుసుకోగోరే మన నవలాకారులు దాన్ని చదవాలి. ఐరిష్ మాట్లాడేవాడు పొట్ట చేత్తో పట్టుకుని వలస పోతుంటే వ్యాకరణాలూ నిఘంటువులూ ఏం చేస్తాయని ఓ కైన్ నిలదీశాడు. తోటివాళ్లతో కలిసి భూమి కోసం ఆందోళన చేశాడు. ఫలితంగా 1935లో పడమటి తీరపు కుటుంబాలు కొన్నింటికి తూర్పున మీద్ జిల్లా రాకార్న్‌లో మంచి నేల దక్కింది. అక్కడ ఐరిష్ నేటికీ వినిపిస్తుంది. ఆ ఊరిని ఐరిష్ భాషాప్రాంతంగా గుర్తించడానికి మాత్రం సర్కారుకు 1967 దాకా తీరలేదు.