శూలానికి ఎన్ని కొసలు?

"మోటారు తిరగతా ఉండాది సార్, నీళ్లు మాత్రం రావు. ఆకాశంలో మబ్బు కూడా లేదు."

సూళగిరి దగ్గర కొత్తిమీర పండించే ఇంటి పిల్ల డిసెంబరులో తరగతిలో అన్న మాట ఇది. వాళ్ళ అయిదు హెచ్‌పీ సోలార్ పంపును వేసవిలో బిగించారు. ఇప్పుడు పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా మోటారు మోత తప్ప చుక్క నీరు లేదు. ఆ తర్వాత ఏమీ జరగనట్టే పోస్తుంది. వాళ్ళ తాత ప్యానెళ్ళన్నీ కడిగించాడు. చూడవచ్చిన మెకానిక్ మోటారు పోయింది, బోరులోంచి పైకి తీయాలన్నాడు. తీసేలోపు ఒకసారి చూస్తానని ఆదివారం పొద్దున్నే వెళ్ళాను.

ఈ పంపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్యానెళ్ళకూ మోటారుకూ మధ్య పెట్టెలో కూర్చునే కంట్రోలరు. ప్యానెల్ నుంచి కరెంటు అసలు తీసుకోకపోతే వోల్టేజి నిండుగా ఉంటుంది, వాట్లు సున్నా. రెండు తీగలూ కలిపేస్తే కరెంటు నిండుగా పారుతుంది, వోల్టేజి సున్నా, వాట్లు మళ్ళీ సున్నా. ఆ రెండు సున్నాల నడుమ వాట్లు కొండలా లేచి దిగుతాయి. ఆ కొండ కొస మీద నిలబడటమే కంట్రోలరు పని, కానీ కొస ఎక్కడుందో దానికి తెలియదు. పైగా అది ఒకచోట ఉండదు. ఎండ పెరిగితే కొండ ఎత్తవుతుంది, ప్యానెల్ వేడెక్కితే కొస తక్కువ వోల్టేజి వైపు జరుగుతుంది.

అందుకని కంట్రోలరు కటిక చీకట్లో కొండెక్కే మనిషిలా కాలితో తడుముకుంటూ పోతుంది. వోల్టేజిని ఓ పిసరు తగ్గించి చూస్తుంది. వాట్లు పెరిగాయా, అదే దిక్కున ఇంకో అడుగు. తగ్గాయా, వెనక్కి. కొస చేరాక కూడా కుదురుగా నిలబడదు, అటో అడుగు ఇటో అడుగు వేస్తూనే ఉంటుంది. సూర్యుడు ఉన్నంతసేపూ ఇదే పని. ఇంత చిన్న ఉపాయంతో ఇంత పెద్ద పని జరగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

సూళగిరికి ఆ పేరు శూలంలా కనబడే కొండ వల్ల వచ్చిందంటారు. చీకట్లో ఎక్కేవాడు ఆ కొండకు వస్తే? ఏదో ఒక కొస ఎక్కి, చుట్టూ పల్లమే తగులుతోంది కాబట్టి ఇదే శిఖరం అనుకుంటాడు. పక్కన ఇంకా ఎత్తైన కొస ఉందని వాడికెలా తెలుస్తుంది?

తోటలో సరిగ్గా అదే జరిగింది. పదిహేను ప్యానెళ్ళు వరుసగా ఒకే తీగతో కలిపి ఉన్నాయి. ఆగ్నేయాన ఉన్న మామిడి కొమ్మ నీడ నాలుగింటి మీద పడుతోంది. సూళగిరి దాదాపు 12.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, డిసెంబరులో మధ్యాహ్నం కూడా దాదాపు 54 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. వేసవిలో బిగించినవాళ్ళకు ఈ నీడ కనబడే వీలే లేదు.

వరుసలో ఒక్క ప్యానెల్‌కు నీడ పడినా మొత్తం కరెంటు అక్కడే ఇరుక్కుంటుంది. అలా కాకుండా ఒక్కో ప్యానెల్ వెనక డబ్బాలో సాధారణంగా మూడు డయోడ్లు పెడతారు. నీడ పడ్డ భాగాన్ని పక్కకు తప్పించి కరెంటుకు దారి ఇస్తాయవి. మంచి ఏర్పాటే. కానీ వాటితోనే మన కొండకు రెండో కొస మొలుస్తుంది.

ఆ వేళ ఎండకు ఒక్కో ప్యానెల్ 220 వాట్లు ఇస్తుందనుకోండి. నీడలోని నాలుగూ సగమే ఇవ్వగలవు. వాటిని వదిలేసి పదకొండుతో నడిస్తే 2,420 వాట్లు. వదలకుండా పదిహేనింటినీ సగం కరెంటుతో నడిపితే 1,650. కంట్రోలరు ఎక్కువ వోల్టేజి వైపు నుంచి దిగుతూ వస్తుంది కాబట్టి ఈ పొట్టి కొసే ముందు తగిలింది. అక్కడే స్థిరపడింది.

పంపు వేగం వాట్ల ఘనమూలం లెక్కన పెరుగుతుంది, నీటిని ఎత్తే ఎత్తు వేగం వర్గం లెక్కన. 4,800 వాట్లకు వంద మీటర్లు ఎత్తే పంపు 1,650కి 49 మీటర్లే ఎత్తగలదు. వీళ్ళ బోరులో నీటిమట్టం 60 మీటర్ల లోతున ఉంది. మోటారు తిరిగి తిరిగి నీటిని పైపులో నేలకు పదకొండు మీటర్ల కింద నిలబెట్టి ఉంచుతోంది! పెద్ద కొస ఎక్కి ఉంటే 63 మీటర్లు, సన్నధారైనా వచ్చేది. కొత్త కంట్రోలర్లు కొన్ని మధ్యమధ్య కొండంతా ఒకసారి తడిమి చూసుకుంటాయి. ఇది అలాంటిది కాదు.

   

పదిహేను ప్యానెళ్ళ వరుసలో 500 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. మోటారు నడుస్తుండగా కనెక్టరు పీకితే నిప్పు లేస్తుంది, అంత తేలిగ్గా ఆరదు. అందుకే కొమ్మ పని మొదలెట్టేముందు ప్యానెళ్ళ కరెంటును తెంచే మీట, ఐసోలేటరును, ఆపించాను. కడగడానికి బోరు నీళ్ళు వాడితే గుడ్డతో వెంటనే తుడవమన్నాను, లేకపోతే ఉప్పు మరక గాజును పట్టేస్తుంది.

తాత చెట్టెక్కించి ఒక్క కొమ్మే కొట్టించాడు, పూత కొమ్మలు ముట్టనివ్వలేదు. ఐసోలేటరు వేశాం. కంట్రోలరు తెర మీద వాట్ల అంకె మెల్లగా లేచి మూడు వేలు దాటింది. పైపు రెండుసార్లు గాలి ఊదింది. పిల్ల గడియారం చూసింది, పదీ పది. తాత పైపు మూతి కింద అరచెయ్యి పెట్టాడు.