సభ ఫొటోలు స్పష్టంగా రావాలంటే...

ఉగాది సభ ముగిసిన మర్నాడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఫొటోలు ఎలా వచ్చాయి?" ఎనభై ఏళ్ళ పెద్దాయనకు శాలువా కప్పిన క్షణం మళ్ళీ రాదు. ఓ చిన్నారి తొలి కూచిపూడి ప్రదర్శన కూడా అంతే. ఆ ఫొటోలో ముఖం మసకబారితే రేపు మనవలకు ఏం చూపిస్తాం? పుట్టినచోటికి దూరంగా తరాలుగా స్థిరపడిన మనకు ఈ సభల ఫొటోలే చరిత్ర.

మన ఔత్సాహికుల్లో చాలామంది దగ్గర ఉండేది 18-135 లేదా 18-200 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. ఒక కొసన సభ మొత్తం పడుతుంది, మరో కొసన వేదిక మీది ముఖం దగ్గరవుతుంది. లెన్స్ మార్చే పని లేదు. ఫొటో మసకగా వస్తే చాలామంది ఈ లెన్స్‌నే నిందించి, మరో ఖరీదైన దాని కోసం చూస్తారు. కానీ ఎక్కువసార్లు లోపం లెన్స్‌ది కాదు, షట్టర్ వేగానిది.

కారణం చూద్దాం. ఈ లెన్స్‌లలో చాలావాటి మీద 3.5-5.6 అనే అంకెలుంటాయి. అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే ద్వారం, 18 దగ్గర 3.5 దాకా తెరుచుకుంటుంది. జూమ్‌ను చివరిదాకా లాగితే 5.6 దగ్గరే ఆగిపోతుంది. అంటే లోపలికి వచ్చే వెలుతురు సుమారు 40 శాతానికి పడిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ఆటోమేటిక్‌లో ఉన్న కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త వ్యవధిలో మన చేయి వణికినా, ఎదుటివారు కదిలినా బొమ్మ చెదురుతుంది.

లెన్స్‌లోని స్టెబిలైజర్ మన చేతి వణుకును సరిదిద్దగలదు గాని, నర్తకి పాదాన్ని ఆపలేదు. అందుకే షట్టర్ వేగాన్ని మనమే నిర్ణయించాలి. ఉపన్యాసానికి, సన్మానానికి సెకనులో 125వ వంతు చాలు. పెళ్ళిలో తలంబ్రాలకు 250వ వంతు, నృత్యానికి 250 నుంచి 500వ వంతు పెట్టుకోవాలి. కెమెరా మీద 'ఎస్' లేదా 'టీవీ' అని ఉండే పద్ధతిలో వేగం మనం పెడితే, అపెర్చర్‌ను అదే చూసుకుంటుంది.

ఇక మిగిలింది ఐ.ఎస్.ఓ. దాన్ని 1600, 3200, అవసరమైతే 6400 దాకా పెంచడానికి జంకవద్దు. బొమ్మలో కాస్త ఇసుక చల్లినట్టు కనిపించవచ్చు. దాన్ని తర్వాత కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు, అచ్చులో అంతగా తెలియదు కూడా. కదిలి చెదిరిన ముఖాన్ని మాత్రం తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఏ ఖర్చు భరించవచ్చో, ఏది భరించలేమో తెలిస్తే సగం లెక్క తేలినట్టే.

జూమ్‌ను చివరిదాకా లాగేకంటే నాలుగడుగులు ముందుకు వేయడం మేలు. పక్క నడవలో, రెండో మూడో వరుస దగ్గర నిలబడితే వెనుకవారికి అడ్డుండదు, 70 లేదా 100 మిల్లీమీటర్లతోనే పని జరుగుతుంది. ఫోకస్ బిందువును ముఖం మీద, వీలైతే కంటి మీద ఉంచండి. లేకపోతే మైకు స్పష్టంగా వచ్చి మనిషి మసకబారవచ్చు. కెమెరాలోని చిన్న ఫ్లాష్ నాలుగైదు వరుసల అవతల పెద్దగా పనిచేయదు. దీపారాధన వేళ అయితే జ్యోతి అందాన్నే చెరిపేస్తుంది. కొన్ని ఎల్.ఇ.డి. దీపాల కింద బొమ్మలో చారలు పడతాయి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక, కదలిక తక్కువ ఉన్నప్పుడు వేగాన్ని 100వ వంతుకు తగ్గిస్తే చాలావరకు పోతాయి.

నృత్యాన్ని చూసేవాడే బాగా తీయగలడు. జతి ముగింపులో నర్తకి ఒక భంగిమలో క్షణం నిలుస్తుంది. తాళం వింటూ ఉంటే ఆ నిలుపు ముందే తెలిసిపోతుంది. తరంగంలో పళ్ళెం మీద నిలిచి అభినయించే ఘట్టం కూడా అలాంటిదే. ఆ క్షణంలో నొక్కితే మామూలు లెన్స్ కూడా మంచి ఫొటో ఇస్తుంది. సంగీత కచేరీలోనూ, హరికథలోనూ ఇలాంటి నిలుపులు దొరుకుతాయి.

సభకు అరగంట ముందే వెళ్ళి, వేదిక దీపాలు వేయించి, ఒకరిని నిలబెట్టి నాలుగు ఫొటోలు తీసి పెద్దది చేసి చూడండి. కెమెరా వెనుక చిన్న తెరలో ప్రతి ఫొటో బాగున్నట్టే ఉంటుంది. కంటి రెప్పలు విడిగా కనిపిస్తేనే సరిగా వచ్చినట్టు.

చివరగా మరో మాట. ఫోన్‌లో మామూలుగా పంపిన ఫొటో చిక్కిపోతుంది కనుక పత్రికకు అసలు ఫైలునే పంపండి. ఇరవై మంచివి ఏరి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో అదే వారంలో రాసి పెట్టండి. ముఖం ఎంత స్పష్టంగా ఉన్నా, పేరు తెలియని పెద్దలను మన మనవలు గుర్తుపట్టలేరు కదా!